కవచం తొడిగిన మాంక్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, భీమవరం, అమలాపురం, ఊరేదైనా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు కట్టుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఆడేచోట మాంక్ (ఒట్టి చేతులతో పోరాడే సన్యాసి) పాత్ర తీసుకున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ముచ్చట పుడుతుంది: ఒంటినిండా ఇనుము ఉండాలి, పిడిగుద్దులూ ఉండాలి. ఆ తర్వాత వచ్చే సందేహాలు మాత్రం అందరివీ ఒకటే. సంక్రాంతి సెలవులకి కొత్త జట్లు కూర్చున్నప్పుడల్లా అవే తిరిగి వస్తున్నాయి కాబట్టి ఇక్కడ ఒకచోట పెట్టాం. ఆధారం 5వ ఎడిషన్, 2014 నియమాలు. 2024 నియమాల్లోని ముఖ్యమైన తేడాలు అక్కడక్కడా చెప్పాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మాంక్ అసలు కవచం వేసుకోవచ్చా అండి? నిషేధం ఉందంటున్నారు.

నిషేధం లేదు. వేసుకుంటే మూడు పోతాయి: అన్‌ఆర్మర్డ్ డిఫెన్స్ (ఉత్త ఒంటికి వచ్చే రక్షణ), మార్షల్ ఆర్ట్స్ (పిడిగుద్దుకి పెద్ద పాచిక, ఉచితంగా ఇంకో గుద్దు), అన్‌ఆర్మర్డ్ మూవ్‌మెంట్ (అదనపు వేగం). "కవచం లేనప్పుడు" అనే షరతు ఆ మూడింటిలోనే రాసి ఉంది. ఫ్లరీ ఆఫ్ బ్లోస్ (అదనంగా రెండు పిడిగుద్దులు), పేషెంట్ డిఫెన్స్ (డాడ్జ్, అంటే దెబ్బలు తప్పించుకోవడం), స్టెప్ ఆఫ్ ద విండ్ (చురుగ్గా కదలడం), డిఫ్లెక్ట్ మిసైల్స్, స్లో ఫాల్, ఎక్స్‌ట్రా అటాక్, స్టన్నింగ్ స్ట్రైక్ (దెబ్బతో శత్రువుని స్టన్ చెయ్యడం, అంటే కదలకుండా చెయ్యడం), ఎవేజన్, డైమండ్ సోల్... వీటిలో ఎక్కడా కవచం మాట లేదు. కవచంలో ఒంటి చురుకు తగ్గుతుంది, కి (మాంక్ లోపలి శక్తి, పాయింట్లలో లెక్క) ఖర్చుపెట్టి చేసే పనులన్నీ నిలుస్తాయి. కవచధారి మాంక్‌ని కట్టడమంటే ఈ నిలిచేవాటి చుట్టూ కట్టడమే. పోయేవాటి కోసం పాకులాడితే పాత్ర రెంటికీ చెడుతుంది.

ప్రొఫిషియన్సీ (వాడటంలో శిక్షణ) లేకుండానే ప్లేట్ (ఒంటినిండా ఇనుప రేకుల కవచం) తొడిగేస్తే ఏమవుతుంది?

స్ట్రెంగ్త్ (బలం), డెక్స్టెరిటీ (చురుకు) కలిసే ప్రతి దెబ్బకీ, ప్రతి చెక్‌కీ (పని కుదిరిందో లేదో తేల్చే పాచిక), ప్రతి సేవింగ్ త్రోకీ (ప్రమాదం తప్పించుకునే పాచిక) డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. మంత్రాలు వెయ్యడం కుదరదు. మాంక్ పని మొత్తం స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీల మీదే కాబట్టి ఏ పనికీ పనికిరాడు. ముందు ప్రొఫిషియన్సీ, తర్వాతే కవచం.

మామూలు మాంక్‌కే ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) బాగుంటుంది కదా, ఇంత కష్టం ఎందుకు?

నిజమే. డెక్స్టెరిటీ 16, విజ్డమ్ (వివేకం) 16 ఉన్న మాంక్ ఏసీ మొదటి లెవెల్‌లోనే 16. చైన్ మెయిల్ (గొలుసుల కవచం) ఇచ్చేదీ 16. డెక్స్టెరిటీ 18కి చేరితే 17, రెండూ 20కి చేరితే 20. ప్లేట్ 18 దగ్గర ఆగిపోతుంది. ఏసీ ఒక్కటే కావాలంటే కవచం జోలికి పోనక్కర్లేదు.

లాభం వేరేచోట ఉంది. ఒకటి, కవచం ఎలాగూ మార్షల్ ఆర్ట్స్‌ని తీసేసింది కాబట్టి డాలు పట్టుకుంటే కొత్తగా పోయేదేమీ లేదు. చైన్ మెయిల్, డాలు కలిపి మొదటి లెవెల్‌లోనే 18. రెండు, ఏసీ కోసం డెక్స్టెరిటీ పెంచనక్కర్లేదు. ఆ పాయింట్లు స్ట్రెంగ్త్‌కీ విజ్డమ్‌కీ పోతాయి. స్ట్రెంగ్త్ ఉన్న మాంక్ శత్రువుని పట్టుకోగలడు, పడదొయ్యగలడు. మూడు, కవచం విప్పినా ఫైటర్‌లాగా దిక్కులేనివాడు కాడు. విజ్డమ్ 16, డెక్స్టెరిటీ 13 ఉంటే ఉత్త ఒంటితో ఏసీ 14, పైగా మార్షల్ ఆర్ట్స్, వేగం తిరిగొస్తాయి. ఒకే పాత్రలో ఇద్దరున్నట్టు.

ఉట్టినే ఇనుప మనిషిలా కనిపిస్తే చాలు. ఏమీ పోగొట్టుకోకుండా కుదురుతుందా?

కుదురుతుంది. 2019లో వచ్చిన ఎబెరాన్ పుస్తకంలోని వార్‌ఫోర్జ్‌డ్ జాతి తీసుకోండి. ఒళ్లే లోహం. దాని ఇంటిగ్రేటెడ్ ప్రొటెక్షన్ ఏసీకి +1 ఇస్తుంది. అది కవచం వేసుకున్నట్టు లెక్కకి రాదు కాబట్టి మాంక్ విద్యలన్నీ పనిచేస్తాయి.

ఇంకోటి టార్టిల్, అంటే తాబేలు మనిషి. డొప్పతో ఏసీ నేరుగా 17, డెక్స్టెరిటీతో పనిలేదు. స్ట్రెంగ్త్ +2, విజ్డమ్ +1, అడిగి చేయించుకున్నట్టు ఉంటుంది. ఒంటిమీద కవచం లేదు కాబట్టి మార్షల్ ఆర్ట్స్ నిలుస్తుంది. డాలు పట్టుకుంటే మాత్రం పోతుంది. హోప్ ఐలాండ్ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను చూసినవాళ్లకి ఈ పాత్రని ఊహించుకోవడం ఏమంత కష్టం కాదు.

పుస్తకాలు కొనలేదండి. ఉచితంగా దొరికేదాంతో ఈ పాత్ర కట్టొచ్చా?

కట్టొచ్చు. ఆట నియమాల ఉచిత ప్రతి సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1ని ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. అందులో హిల్ డ్వార్ఫ్ (పొట్టి, గట్టి మనుషుల జాతి), లైఫ్ డొమైన్ క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి; డొమైన్ అంటే శాఖ), ఓపెన్ హ్యాండ్ మాంక్ మూడూ ఉన్నాయి. లైఫ్ డొమైన్ మొదటి లెవెల్‌లోనే హెవీ ఆర్మర్ ప్రొఫిషియన్సీ ఇస్తుంది. హిల్ డ్వార్ఫ్ కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) +2, విజ్డమ్ +1, ప్రతి లెవెల్‌కీ ఒక హిట్ పాయింట్ (ప్రాణం లెక్క) అదనం. క్లెరిక్ 1, ఆపైన అంతా మాంక్. పైసా ఖర్చు లేకుండా గట్టి పాత్ర.

## పాత్రను కట్టేటప్పుడు

ఫైటర్‌తో మొదలెట్టాలా, క్లెరిక్‌తోనా, మాంక్‌తోనా?

ఫైటర్ అయితే తప్పనిసరిగా మొదటి లెవెల్‌లోనే. మల్టీక్లాస్‌గా (రెండో క్లాసుగా, అంటే రెండో వృత్తిగా) తర్వాత ఫైటర్‌లోకి వస్తే లైట్, మీడియం కవచాలే వస్తాయి, హెవీ రాదు. కొత్త ఆటగాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. మొదట ఫైటర్ అయితే 10 హిట్ పాయింట్లు, కాన్‌స్టిట్యూషన్ సేవ్, చైన్ మెయిల్, ఒక ఫైటింగ్ స్టైల్ చేతికొస్తాయి.

క్లెరిక్‌కి ఆ ఇబ్బంది లేదు. లైఫ్, వార్, టెంపెస్ట్, నేచర్, ఫోర్జ్ డొమైన్లలో హెవీ ఆర్మర్ డొమైన్ విద్యగా వస్తుంది, కాబట్టి ఎప్పుడు చేరినా దక్కుతుంది. ఫోర్జ్ అయితే రోజూ ఒక మామూలు కవచానికో ఆయుధానికో +1 పూయొచ్చు.

కొట్టడం ముఖ్యమైతే ఫైటర్, నిలబడి జట్టుని కాపాడటం ముఖ్యమైతే క్లెరిక్. మా ఓటు ఫైటర్‌కే. కారణం అన్‌ఆర్మ్‌డ్ ఫైటింగ్ అనే స్టైల్.

2024 నియమాల్లో క్లెరిక్ మొదటి లెవెల్‌లో ప్రొటెక్టర్ అనే ఎంపిక తీసుకుంటే హెవీ ఆర్మర్ వస్తుంది, దేవుడెవరైనా సరే.

పాత్ర గుణాలకి ఇచ్చే 27 పాయింట్లు ఎలా పంచాలి?

మాంక్‌తో మల్టీక్లాస్ చెయ్యాలంటే డెక్స్టెరిటీ 13, విజ్డమ్ 13 ఉండి తీరాలి. ఫైటర్ షరతు స్ట్రెంగ్త్ 13 లేదా డెక్స్టెరిటీ 13. ప్లేట్‌కి స్ట్రెంగ్త్ 15 కావాలి. ఇవన్నీ కలిపితే పంపకం దాదాపు తనంతట తానే తేలిపోతుంది:

స్ట్రెంగ్త్ 15 (9 పాయింట్లు), డెక్స్టెరిటీ 13 (5), కాన్‌స్టిట్యూషన్ 12 (4), విజ్డమ్ 15 (9), ఇంటెలిజెన్స్ 8, కరిష్మా 8. మొత్తం 27.

మౌంటెన్ డ్వార్ఫ్ అయితే స్ట్రెంగ్త్ 17, కాన్‌స్టిట్యూషన్ 14 అవుతాయి. హిల్ డ్వార్ఫ్ అయితే కాన్‌స్టిట్యూషన్ 14, విజ్డమ్ 16. డెక్స్టెరిటీని 14 చెయ్యాలని చాలామందికి చెయ్యి లాగుతుంది. వద్దు. హెవీ కవచానికి డెక్స్టెరిటీ ఒక్క పాయింటు కూడా కలవదు.

మల్టీక్లాస్ ఇష్టం లేదు. శుద్ధ మాంక్‌తో కుదరదా?

మౌంటెన్ డ్వార్ఫ్‌తో కుదురుతుంది. ఆ జాతికి పుట్టుకతోనే లైట్, మీడియం కవచాల ప్రొఫిషియన్సీ ఉంది. మీడియం ఉన్నవాళ్లు తీసుకోదగ్గ ఫీట్ (ఎంచుకునే అదనపు విద్య) హెవిలీ ఆర్మర్డ్: హెవీ కవచం వస్తుంది, స్ట్రెంగ్త్ ఒకటి పెరుగుతుంది. మాంక్ 4లో తీసుకుంటే సరి.

మల్టీక్లాస్ లేదు కాబట్టి డెక్స్టెరిటీ 13 షరతు కూడా లేదు. స్ట్రెంగ్త్ 15, డెక్స్టెరిటీ 10, కాన్‌స్టిట్యూషన్ 14, విజ్డమ్ 15 పెట్టండి. డ్వార్ఫ్ బోనస్‌తో స్ట్రెంగ్త్ 17, కాన్‌స్టిట్యూషన్ 16. నాలుగో లెవెల్ ఫీట్‌తో స్ట్రెంగ్త్ 18. స్టన్నింగ్ స్ట్రైక్ ఐదో లెవెల్‌కే వచ్చేస్తుంది, మల్టీక్లాస్ వాళ్లకన్నా ఒక లెవెల్ ముందు.

2024 పుస్తకంలో మౌంటెన్ డ్వార్ఫ్ అనే ఉపజాతి లేదు. అక్కడ ఈ దారి మూసుకుపోయింది.

మాంక్‌గా మొదలెడితే కవచం కొనడానికి డబ్బు చాలట్లేదు. ఎక్కడో పొరపాటు చేశానా?

పొరపాటు లేదు. మాంక్ చేతి డబ్బు 5డీ4 (నాలుగు ముఖాల పాచిక ఐదుసార్లు) బంగారు నాణేలు, సగటున పన్నెండున్నర. మిగతా క్లాసుల్లాగా పదితో హెచ్చవేత ఉండదు. స్కేల్ మెయిల్ 50, చైన్ మెయిల్ 75. మొదట్లో మీడియం కవచాల్లో 10 నాణేల హైడ్ తప్ప అందదు. మొదటి సాహసంలో పడిపోయిన శత్రువుల కవచాలు వదలకండి. డ్వార్ఫ్ ఒంటికి సరిపోయేలా చేయించడానికి కమ్మరి ఎంత తీసుకుంటాడో డీఎంని (ఆట నడిపే మనిషిని) ముందే అడిగి పెట్టుకోండి.

పాలడిన్‌తోనో బార్బేరియన్‌తోనో కలిపితే?

పాలడిన్‌కి కరిష్మా 13 కూడా కావాలి. స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, విజ్డమ్, కరిష్మా నాలుగూ నింపాక కాన్‌స్టిట్యూషన్‌కి మిగిలేది అంతంతమాత్రం. బార్బేరియన్ రేజ్ లాభాలు హెవీ కవచంలో రావు. రెండూ వదిలేయండి.

పిడికిలితో కొట్టాలా, ఆయుధం పట్టాలా?

కవచంలో మార్షల్ ఆర్ట్స్ పాచిక పోతుంది. పిడిగుద్దు దెబ్బ 1 + స్ట్రెంగ్త్ మాడిఫయర్ (ఆ గుణం అంకెని బట్టి కలిసే బోనస్), అంతే. అందుకని అటాక్ యాక్షన్‌కి ఆయుధం, బోనస్ యాక్షన్ ఫ్లరీకి ఒళ్లు. ఫ్లరీకి చెయ్యి ఖాళీగా ఉండనక్కర్లేదు. మోకాలు, మోచెయ్యి, తలతో కుమ్మడం, అన్నీ పిడిగుద్దు లెక్కే. 2014 ఫ్లరీకి మాంక్ ఆయుధమే పట్టాలన్న షరతు కూడా లేదు.

డ్వార్ఫ్‌లకి వార్‌హ్యామర్ (యుద్ధ సుత్తి) జాతితోనే వస్తుంది. రెండు చేతులతో పడితే డీ10. ఫైటర్ 1లో అన్‌ఆర్మ్‌డ్ ఫైటింగ్ స్టైల్ తీసుకుంటే పిడిగుద్దు డీ6 అవుతుంది, చేతిలో ఆయుధం గానీ డాలు గానీ లేకపోతే డీ8. ఈ స్టైల్ 2020లో వచ్చిన టాషాస్ కాల్‌డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో ఉంది.

ఆరో లెవెల్ లెక్క చూడండి, అన్ని దెబ్బలూ తగిలాయనుకుని. మామూలు మాంక్, డెక్స్టెరిటీ 18: రెండు కర్ర దెబ్బలు 17, రెండు పిడిగుద్దులు 15, మొత్తం 32. ఫైటర్ 1, మాంక్ 5, స్ట్రెంగ్త్ 18: రెండు సుత్తి దెబ్బలు 19, రెండు పిడిగుద్దులు 15, మొత్తం 34. అదే క్లెరిక్ 1, మాంక్ 5, స్ట్రెంగ్త్ 16 అయితే 17, 8 కలిపి 25. కొట్టడంలో ఫైటర్ ఎందుకు ముందుంటాడో ఈ లెక్కే చెబుతుంది.

## లెవెల్స్ పెరిగేటప్పుడు

మాంక్ 3లో ఏ సంప్రదాయం (మాంక్‌లో ఉపశాఖ) తీసుకుంటే కవచంలో పనికొస్తుంది?

ఓపెన్ హ్యాండ్. ఫ్లరీలో తగిలిన ప్రతి దెబ్బకీ శత్రువుని పడదొయ్యొచ్చు (డెక్స్టెరిటీ సేవ్), 15 అడుగులు నెట్టొచ్చు (స్ట్రెంగ్త్ సేవ్), లేదా రియాక్షన్ తీసుకోకుండా చెయ్యొచ్చు. కవచం అడ్డు కాదు. ఇంకో మాట: స్టన్ అయినవాడు ఆ రెండు సేవ్‌లూ పాచిక వెయ్యకుండానే ఓడిపోతాడు. మొదటి దెబ్బతో స్టన్, తర్వాత ఫ్లరీతో నెట్టు. పోరాటం గోదావరి దాటే పంటు మీద జరుగుతోందనుకోండి, 15 అడుగుల్లో ఎంత పెద్ద రాక్షసుడైనా నీళ్లలో ఉంటాడు.

కెన్సే కూడా బాగుంటుంది. అటాక్ యాక్షన్‌లో ఒక పిడిగుద్దు కలిపి, చేతిలో కెన్సే ఆయుధం ఉంచితే తర్వాతి వంతు దాకా ఏసీకి +2. ప్లేట్‌తో 20, ఫైటర్ డిఫెన్స్ స్టైల్ ఉంటే 21. డాలు మోయకుండానే ఇది దక్కుతుంది.

షాడో తీసుకుంటే పాస్ వితౌట్ ట్రేస్ అనే మంత్రం స్టెల్త్‌కి (చప్పుడు లేకుండా దాక్కుని కదలడానికి) +10 ఇచ్చి కవచం మోతని కప్పుతుంది. మెర్సీ వైద్యుడికి పనికొస్తుంది, పాచిక విలువ మాంక్ లెవెల్‌ని బట్టే ఉంటుంది. క్లెరిక్‌తో కలిపేవాళ్లు ఆస్ట్రల్ సెల్ఫ్ చూడొచ్చు: ఒక కి ఖర్చుతో పది నిమిషాలపాటు విజ్డమ్‌తోనే పిడిగుద్దులు కొట్టొచ్చు.

ఫైటర్‌లో రెండో లెవెల్ కూడా తీసుకుని యాక్షన్ సర్జ్ (ఒకే వంతులో ఇంకో యాక్షన్) పట్టేద్దామా?

మాంక్ 5 అయ్యేదాకా ఆగండి. స్టన్నింగ్ స్ట్రైక్, ఎక్స్‌ట్రా అటాక్ రెండూ అక్కడే ఉన్నాయి. ఒక్కో లెవెల్ పక్కకి పోయినకొద్దీ అవి ఒక్కో లెవెల్ వెనక్కి పోతాయి. తోటివాళ్లు రెండేసి దెబ్బలు కొడుతుంటే మీరు ఒకటి కొడుతూ కూర్చోవాలి. మాంక్ 5 తర్వాత, ఇంకా మంచిది మాంక్ 7 ఎవేజన్ తర్వాత, సర్జ్‌కి వెళ్లండి.

ఏ ఫీట్లు తీసుకోవాలి?

పోల్‌ఆర్మ్ మాస్టర్. క్వార్టర్‌స్టాఫ్‌ని ఒక చేత్తో పట్టి రెండో చేత డాలు పెట్టుకోవచ్చు, కర్ర రెండో కొసతో బోనస్ యాక్షన్‌లో డీ4 + స్ట్రెంగ్త్ దెబ్బ. కవచంలో పోయిన ఉచిత బోనస్ దెబ్బ ఇలా తిరిగొస్తుంది, కి ఖర్చు లేదు. ఆ దెబ్బ తగిలినా స్టన్ ప్రయత్నించొచ్చు. కర్రసాము చూసి పెరిగినవాళ్లకి ఈ పద్ధతి వెంటనే నచ్చుతుంది.

హెవీ ఆర్మర్ మాస్టర్: స్ట్రెంగ్త్ +1, మామూలు ఆయుధాల ప్రతి దెబ్బలో 3 తగ్గింపు. స్ట్రెంగ్త్ 17 ఉన్నవాళ్లకి సరిగ్గా అతుకుతుంది. తక్కువ లెవెల్స్‌లో బ్రహ్మాండం, పదో లెవెల్ దాటాక పస తగ్గుతుంది.

టావెర్న్ బ్రాలర్‌ని ఫైటర్ అన్‌ఆర్మ్‌డ్ స్టైల్ ఉన్నవాళ్లు తీసుకోవద్దు, పిడికిలి పాచిక రెండుసార్లు కొన్నట్టవుతుంది.

2024 నియమాలతో ఆడుతున్నాం. కవచధారి మాంక్‌కి మంచిదా చెడ్డదా?

కొంత మంచి, కొంత చెడు. మంచి: ఫోకస్ పాయింట్ (కి పాయింట్‌కి కొత్త పేరు) ఖర్చు లేకుండానే బోనస్ యాక్షన్‌లో డిస్‌ఎంగేజ్ గానీ డాష్ గానీ చెయ్యొచ్చు, కవచంలో కూడా. ఫ్లరీకి ముందు అటాక్ యాక్షన్ చెయ్యాలన్న షరతు పోయింది. బాణాలనే కాదు, కత్తి, గద దెబ్బల్ని కూడా రియాక్షన్‌తో తగ్గించే డిఫ్లెక్ట్ అటాక్స్ వచ్చింది.

చెడు: స్టన్నింగ్ స్ట్రైక్ వంతుకి ఒక్కసారే, అదీ మాంక్ ఆయుధంతోనో పిడిగుద్దుతోనో తగిలితేనే. వార్‌హ్యామర్ మాంక్ ఆయుధం కాదు. అందుకని 2024లో క్వార్టర్‌స్టాఫ్‌కి మారండి. డ్వార్ఫ్‌లకి హెవీ కవచం వేగం తగ్గించదన్న మినహాయింపూ పోయింది, స్ట్రెంగ్త్ 15 తప్పనిసరి.

## ఆట నడుస్తున్నప్పుడు

షీట్ ఒకసారి చూసుకోవాలి. ఎక్కువగా దొర్లే తప్పులేంటి?

ప్లేట్ 18కి విజ్డమ్ కలిపేస్తారు. కలవదు, డెక్స్టెరిటీ కూడా కలవదు. వేగానికి +10 అలాగే వదిలేస్తారు, కవచంలో అది లేదు. పిడిగుద్దుకి డెక్స్టెరిటీ వాడేస్తారు, కవచంలో స్ట్రెంగ్త్ మాత్రమే. కి ఖర్చు లేకుండా బోనస్ పిడిగుద్దు కొట్టేస్తారు, అది మార్షల్ ఆర్ట్స్‌లో భాగం, కవచంలో రాదు. ఫైటర్ లెవెల్‌ని కూడా కలిపి కి పాయింట్లు లెక్కేస్తారు. కి మాంక్ లెవెల్‌కి సమానం, మొత్తం లెవెల్‌కి కాదు. షీట్ మీద "కవచంతో", "కవచం లేకుండా" అని రెండు గళ్లు గీసి ఏసీ, వేగం, పిడిగుద్దు దెబ్బ రెండుసార్లు రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఐదు కి పాయింట్లు రెండు రౌండ్లలో అయిపోతున్నాయి. ఎలా పొదుపు చెయ్యాలి?

ప్రతి రౌండ్‌లో ఫ్లరీ కొట్టే అలవాటు మానండి. మాంక్ 5 దగ్గర మూడు పాయింట్లు స్టన్‌కి, ఒకటి ఫ్లరీకి, ఒకటి పేషెంట్ డిఫెన్స్‌కి అట్టేపెట్టుకోండి. స్టన్‌ని ఎవరిమీద వాడాలన్నదే అసలు విద్య. కాన్‌స్టిట్యూషన్ సేవ్ కాబట్టి దున్నపోతు లాంటి రాక్షసుల మీద వృథా, మాంత్రికుల మీద, విలుకాళ్ల మీద అమోఘం.

పేషెంట్ డిఫెన్స్ విలువ కవచంలోనే తెలుస్తుంది. +6తో కొట్టే శత్రువు ఏసీ 18ని 45 శాతం సార్లు తాకుతాడు. డాడ్జ్‌లో ఉంటే 20 శాతానికి పడిపోతుంది. డాలుతో ఏసీ 20 అయితే 12 శాతం. ఇరుకు తలుపులో ఒక్కడే నిలబడాల్సినప్పుడు ఆ ఒక్క కి పాయింటే జట్టుని కాపాడుతుంది. షార్ట్ రెస్ట్‌లో (చిన్న విశ్రాంతిలో) అరగంట ధ్యానంతో కి మొత్తం తిరిగొస్తుంది, కాబట్టి రెస్ట్ అడగడానికి మొహమాటపడకండి.

శత్రువుని పట్టుకుని కదలనివ్వకుండా చెయ్యాలని ఉంది. కవచంలో కుదురుతుందా?

ఈ పాత్రకి అది వెన్నతో పెట్టిన విద్య. అథ్లెటిక్స్ అనే నైపుణ్యం మాంక్, ఫైటర్ రెండు జాబితాల్లోనూ ఉంది, తప్పక తీసుకోండి. ఒక చెయ్యి ఖాళీ ఉంచుకోవాలి. వరస ఇది: మొదటి దెబ్బతో స్టన్. స్టన్ అయినవాడు పట్టుకి తిరగబడలేడు కాబట్టి రెండో దెబ్బ బదులు గ్రాపుల్ (పట్టు) పాచికతో పనిలేకుండా పడుతుంది. ఓపెన్ హ్యాండ్ ఫ్లరీతో కింద పడెయ్యండి. పట్టు ఉన్నంతసేపూ వాడి వేగం సున్నా, లేవడం కుదరదు. చెడుగుడులో కూతకొచ్చినవాడిని గీత దాటకుండా అదిమిపట్టినట్టే. అన్‌ఆర్మ్‌డ్ ఫైటింగ్ ఉంటే మీ ప్రతి వంతు మొదట్లో పట్టులో ఉన్నవాడికి డీ4 దెబ్బ అదనం. మీకన్నా రెండు సైజులు పెద్దవాటిని పట్టలేరు, అది మాత్రం గుర్తుంచుకోండి.

"ఇనుములో కి ప్రవహించదు" అంటున్నారు మా డీఎం. ఏం చెప్పాలి?

ఫ్లరీ, స్టన్నింగ్ స్ట్రైక్, పేషెంట్ డిఫెన్స్ వాక్యాలు ఆయన ముందు పెట్టి చదివించండి. కవచం ప్రస్తావన ఉన్న మూడు విద్యల్నీ పక్కనే చూపించండి. ఆట మధ్యలో వద్దు, పాత్ర కట్టే రోజునే. అప్పటికీ కాదంటే అది ఆయన ఇంటి నియమం, ఆయన బల్ల. అప్పుడు వార్‌ఫోర్జ్‌డో టార్టిలో అడగండి, ఆ రెండింట్లో తగువుకి తావే లేదు.

## కవచం సంగతులు

ఏ కవచం ఎప్పుడు కొనాలి? బరువు ఎంత?

చైన్ మెయిల్: ఏసీ 16, 75 నాణేలు, 55 పౌండ్లు, స్ట్రెంగ్త్ 13. స్ప్లింట్: 17, 200 నాణేలు, 60 పౌండ్లు, స్ట్రెంగ్త్ 15. ప్లేట్: 18, 1500 నాణేలు, 65 పౌండ్లు, స్ట్రెంగ్త్ 15. చైన్ మెయిల్ బరువు పాతిక కేజీల బియ్యం బస్తాతో సమానం, భుజాన వేసుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. స్ట్రెంగ్త్ 15 వాడు 225 పౌండ్లు మోయగలడు కాబట్టి ఆటలో ఇబ్బంది లేదు. స్ట్రెంగ్త్ చాలకపోతే వేగం 10 అడుగులు తగ్గుతుంది. ప్లేట్ కోసం ఆగి స్ప్లింట్ మానెయ్యడం తెలివి తక్కువ. 1500 నాణేలు చేరేలోపు ఎన్ని దెబ్బలు తింటారో లెక్కేసుకోండి.

మిథ్రిల్ కవచం దొరికింది. తేలిక కదా, మార్షల్ ఆర్ట్స్ తిరిగొస్తుందా?

రాదు. మిథ్రిల్ తీసేది స్టెల్త్ డిసడ్వాంటేజ్‌నీ స్ట్రెంగ్త్ షరతునీ. కవచం కవచమే. అయినా సంతోషంగా తీసుకోండి, చప్పుడు చెయ్యని కవచధారి అరుదు.

రాత్రి దాడి జరిగితే కవచం తొడుక్కునే టైముంటుందా?

ఉండదు. హెవీ కవచం తొడగడానికి 10 నిమిషాలు, విప్పడానికి 5. జనాథర్స్ గైడ్ అనే అనుబంధ పుస్తకంలోని ఐచ్ఛిక నియమం ప్రకారం కవచంతోనే పడుకుంటే హిట్ డైస్‌లో (విశ్రాంతిలో ప్రాణం తిరిగి తెచ్చుకునే పాచికల్లో) పావు వంతే తిరిగొస్తుంది, నీరసం తగ్గదు. మీరు మాంక్ కాబట్టి తొడగకండి. ఉత్త ఒంటితో పోరాడండి, మార్షల్ ఆర్ట్స్ పాచిక, వేగం, ఉచిత బోనస్ పిడిగుద్దు అన్నీ ఆ రాత్రికి మీవే.

కవచం వల్ల కొత్తగా వచ్చే ప్రమాదాలు ఏమైనా ఉన్నాయా?

హీట్ మెటల్ మొట్టమొదటిది. డ్రూయిడ్‌లు, బార్డ్‌లు వేస్తారు. కవచం కాలిపోతూ ఒక్కో వంతుకి 2డీ8 దెబ్బ, దెబ్బలకీ చెక్‌లకీ డిసడ్వాంటేజ్. నిమిషంపాటు సాగే మంత్రం, విప్పడానికి ఐదు నిమిషాలు, కాబట్టి విప్పే ఆలోచనే వద్దు. మంత్రం వేసినవాడి మీదికి స్టెప్ ఆఫ్ ద విండ్‌తో పరుగెత్తి స్టన్ చెయ్యండి. స్టన్ అయితే కాన్సెంట్రేషన్ (మంత్రాన్ని నిలిపే ఏకాగ్రత) తెగిపోతుంది.

షాకింగ్ గ్రాస్ప్ లోహం తొడిగినవాడి మీద అడ్వాంటేజ్‌తో పడుతుంది. రస్ట్ మాన్‌స్టర్ తాకితే మామూలు లోహ కవచం ఏసీ ఒక్కొక్కటే తగ్గుతూ 10కి చేరగానే నాశనమవుతుంది. దాన్ని చూడగానే కవచం విప్పే టైముంటే విప్పేయండి, మిగతా కవచధారులకి లేని అవకాశం ఇది.

మా కథ అంతా లంకల్లో, కాలువల్లో. నీళ్లలో పడితే మునిగిపోతానా?

5వ ఎడిషన్‌లో కవచంతో ఈదడానికి ప్రత్యేక శిక్ష రాసిలేదు. ఈత వేగం లేనివాళ్లందరికీ ఒక అడుగు ఈదితే రెండడుగుల ఖర్చు, ఉధృతి ఉంటే అథ్లెటిక్స్ చెక్. మీ అథ్లెటిక్స్ గట్టిదే. గోదావరి వరదని చూసిన డీఎం అయితే డిసడ్వాంటేజ్ ఇస్తారు, అందులో అన్యాయం లేదు. నడుముకి 50 అడుగుల తాడు కట్టుకుని రెండో కొస జట్టులో ఒకరి చేతికిచ్చి పడవెక్కండి.

## పాత్ర కథ

సన్యాసికి కవచం ఎందుకని అందరూ అడుగుతున్నారు. మన ప్రాంతానికి నప్పే కారణం చెప్పండి.

మాంక్ అనగానే కొండ గుహలో మౌనంగా కూర్చున్నవాడే కానక్కర్లేదు. కోనసీమలో వైనతేయ పాయ దగ్గర ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఆనవాళ్లు ఉన్నాయి. అలాంటి నదీతీర విహారాన్ని ఊహించుకోండి: సముద్రం నుంచి ఓడలు పైకొచ్చే దారి, దోపిడీగాళ్లు వచ్చేదీ అదే దారి. రేవుని కాచే భిక్షువుల శాఖ ఒకటి కవచం తొడగడం మొదలెట్టింది. ఫోర్జ్ క్లెరిక్ అయితే వాళ్ల కమ్మరి.

అమలాపురంలో దసరాకి ఆడే చెడీ తాలింఖానా మీకు తెలిసే ఉంటుంది. కత్తి, కర్ర తిప్పే ఆ వీధి ప్రదర్శన నుంచి ఒక అఖాడాని ఊహించుకుంటే ఫైటర్ 1కి కారణం దొరికినట్టే. గురువు దగ్గర కర్ర నేర్చాడు, ఆపైన విహారంలో కి నేర్చాడు.

కవచానికి ఒక నియమం కూడా పెట్టుకోండి, ఆటలో ఉపయోగపడేది. రేవులో ఆఖరి మనిషి పంటు ఎక్కేదాకా కవచం విప్పకూడదు. భోజనం దగ్గర మాత్రం తొడగకూడదు. రెండో నియమం ఉంటే డీఎంకి విందులో దాడి పెట్టే అవకాశం, మీకు ఉత్త ఒంటి మాంక్‌ని బయటికి తీసే అవకాశం.